పదకొండు నెలల కాగితమా, రిజిస్టర్డ్ లీజా? అద్దె చట్టాలు మారుతున్న వేళ ఇంటి ఓనర్లకు

ఇల్లు అద్దెకిచ్చే వాళ్లలో చాలామందికి అద్దె చట్టం అంటే ఒక్క కాగితమే. జిరాక్స్ షాపులో ఉన్న పాత నమూనాలో పేర్లు మార్చి, వంద రూపాయల స్టాంపు పేపరు మీద ప్రింటు తీసి, నోటరీ ముద్ర వేయించిన పదకొండు నెలల అగ్రిమెంటు. నెలనెలా అద్దె పడుతున్నంతకాలం దాన్ని ఎవరూ బయటికి తీయరు. పేచీ వచ్చి కోర్టుకు పట్టుకెళ్లిన రోజున, ఆ కాగితం చెల్లుతుందా లేదా అన్న దగ్గరే వాదన మొదలవుతుంది.

పింఛనుకు తోడు పై పోర్షన్ అద్దె వస్తేనే నెల గడిచే కుటుంబాలు మన ఊళ్లలో ఎన్నో ఉన్నాయి. వాళ్లకు ఆరు నెలల అద్దె ఆగిపోతే మందుల ఖర్చు ఆగిపోయినట్టే. అందుకే నా సలహా ముందే చెప్పేస్తున్నాను: ఆంధ్రాలో అయినా తెలంగాణలో అయినా, అద్దె చిన్నదైనా పెద్దదైనా, అగ్రిమెంటు రిజిస్టర్ చేయించండి. గడువు మాత్రం మీ అవసరాన్ని బట్టి పెట్టుకోండి. ఈ రెండూ వేర్వేరు ప్రశ్నలు. మనవాళ్లు వీటిని కలిపేసి 'పదకొండు నెలలే కదా, రిజిస్ట్రేషన్ ఎందుకు' అనుకోవడం వల్లే సగం చిక్కులు వస్తున్నాయి.

అసలు మారుతున్నదేంటి

2021 జూన్ 2న కేంద్ర కేబినెట్ మోడల్ టెనెన్సీ చట్టాన్ని ఆమోదించింది. పేరులోనే ఉంది, అది నమూనా. ఇళ్లు, స్థలాలు, అద్దెలు రాష్ట్రాల పరిధిలోని విషయాలు కాబట్టి, ఏ రాష్ట్రం తన శాసనసభలో చట్టం చేసుకుంటే అక్కడే అమలవుతుంది. 'దేశమంతా కొత్త అద్దె రూల్స్ వచ్చేశాయి' అని వాట్సాప్‌లో తిరిగే మెసేజుల్లో చాలావరకు ఈ నమూనాలోని అంశాలనే చట్టాలుగా చెప్పేస్తుంటారు. అలాంటిది చూసినప్పుడు ముందు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: మన రాష్ట్రం గెజిట్‌లో వచ్చిందా?

ఆంధ్రప్రదేశ్ ఈ విషయంలో కేంద్రం కన్నా ముందే కదిలింది. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం స్థానంలో 2017లోనే కొత్త టెనెన్సీ చట్టం తెచ్చుకుంది. నమూనా చట్టానికి తగ్గట్టు తమ చట్టాలను మార్చుకున్న రాష్ట్రాలుగా కేంద్రం చెప్పిన వాటిలో తమిళనాడు, ఉత్తరప్రదేశ్, అస్సాంలతో పాటు ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది.

తెలంగాణలో ఇంకా 1960 చట్టమే. అయితే అది అన్ని ఇళ్లకూ వర్తించదు. 2005లో చేసిన సవరణ ప్రకారం కార్పొరేషన్ పరిధిలో నెల అద్దె 3,500 రూపాయలు, మిగతా చోట్ల 2,000 రూపాయలు దాటితే ఆ చట్టం వర్తించదు. కట్టి పదిహేనేళ్లు కాని భవనాలకూ వర్తించదు. ఈ రోజుల్లో హైదరాబాద్‌లో 3,500కు ఒక గది కూడా దొరకడం కష్టం. అంటే నగరంలో దాదాపు అన్ని అద్దెలూ ఆ చట్టం కింద తగాదాలు విచారించే రెంట్ కంట్రోలర్ దగ్గరికి కాకుండా, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం కింద సివిల్ కోర్టుకే వెళ్తాయి. రెంట్ కంట్రోల్ పేరు చెప్పి ఎవరైనా భయపెడితే ఇది గుర్తుంచుకోండి. పాత బజార్లలో ఏళ్ల తరబడి కొద్దిపాటి కిరాయికే నడుస్తున్న మలిగెలకు (దుకాణాలకు) మాత్రం ఆ చట్టం ఇంకా గట్టిగానే వర్తిస్తుంది.

తెలంగాణ కూడా రేపో మాపో నమూనా దారిలో చట్టం చేస్తే మీ మీద పడేవి ఏంటో ఇప్పుడే చూసి పెట్టుకోవడం మంచిది. నమూనా ప్రకారం అగ్రిమెంటు రాతపూర్వకంగానే ఉండాలి, దాని వివరాలు రెండు నెలల్లో రెంట్ అథారిటీకి, అంటే అద్దె వ్యవహారాలు చూసే అధికారికి, చేరాలి. ఇంటికి అడ్వాన్సు రెండు నెలల అద్దెకు, షాపులు, ఆఫీసులకైతే ఆరు నెలల అద్దెకు మించకూడదు. ఇల్లు చూడటానికి వెళ్లాలంటే ఇరవై నాలుగు గంటల ముందు నోటీసు ఇవ్వాలి. నీళ్లు, కరెంటు ఆపకూడదు.

ఓనర్లకు మేలు చేసేవీ అంతే ఉన్నాయి. అద్దె ఎంతన్నది పూర్తిగా ఇద్దరి ఒప్పందమే, పై పరిమితి లేదు. గడువు తీరినా ఖాళీ చేయకపోతే మొదటి రెండు నెలలు రెట్టింపు అద్దె, ఆ తర్వాత నాలుగు రెట్లు. 18 వేల అద్దె ఇంటికి లెక్కేస్తే మొదటి రెండు నెలలు 36 వేల చొప్పున, మూడో నెల నుంచి 72 వేలు. ఈ రక్షణ అందాలంటే గడువు ఎప్పుడు తీరిందో చూపించే పక్కా కాగితం మీ చేతిలో ఉండాలి.

నాలుగు దారులు, ఒకే ఇంటి మీద పెట్టి చూస్తే

మియాపూర్‌లో రెండు బెడ్‌రూముల ఫ్లాటు అనుకుందాం. నెలకు 18 వేలు, అడ్వాన్సు 36 వేలు. అద్దెకున్నవాళ్లు నాలుగు నెలలుగా కట్టలేదు. అడ్వాన్సు ఎప్పుడో కరిగిపోయింది. ఇప్పుడు మీ చేతిలో ఏముంది?

నోటిమాట మీద ఇచ్చి ఉంటే, ముందు అద్దె ఎంతో మీరే రుజువు చేసుకోవాలి. 'పన్నెండు వేలకే మాట్లాడుకున్నాం, మిగతాది చేబదులు తీర్చాను' అని అవతలివాళ్లు అంటే మీ దగ్గర బ్యాంకు స్టేట్‌మెంటు తప్ప సాక్ష్యం ఉండదు. నగదు తీసుకుని ఉంటే అదీ లేదు. తెలిసినవాళ్లు, చుట్టాల పిల్లలు అని ఇలా ఇచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. చుట్టరికం చెడకుండా ఉండాలన్నా కాగితం రాసుకోవడమే మంచిది.

నోటరీ చేయించిన పదకొండు నెలల అగ్రిమెంటు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మనలో చాలామంది ఈ దారినే వెళ్తున్నారు. పదకొండు నెలల లెక్క ఎక్కడి నుంచి వచ్చిందంటే, 1908 రిజిస్ట్రేషన్ చట్టం కేంద్రం రాసిన రూపంలో ఏడాది దాటిన లీజులకే రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసింది. అందుకని ఏడాదికి ఒక నెల తగ్గించి రాసే అలవాటు దేశమంతా పాకింది. కానీ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1999లో ఆ నిబంధనను సవరించింది. ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచి స్థిరాస్తి లీజు ఎంత కాలానిదైనా రిజిస్టర్ కావాల్సిందే. విభజన తర్వాత ఆ సవరణ రెండు రాష్ట్రాలకూ వచ్చింది. అంటే ఢిల్లీలో చెల్లే పదకొండు నెలల ఉపాయం విజయవాడలో, వరంగల్‌లో చెల్లదు. పాతికేళ్లు దాటినా ఈ సంగతి చాలామంది ఓనర్లకు తెలియదు. డాక్యుమెంట్ రైటర్లు కూడా అడిగితే తప్ప చెప్పరు.

చెల్లదు అంటే ఇల్లు చేజారిపోతుందని కాదు. రిజిస్టర్ కాని లీజు కింద ఒకరు ఇంట్లో ఉండి అద్దె కడుతుంటే, వాళ్లు నెలవారీ అద్దెదారులవుతారని సుప్రీంకోర్టు 2000లోనే ఆంథోనీ, ఇట్టూప్ కేసులో చెప్పింది. అలాంటి అద్దెను పదిహేను రోజుల నోటీసుతో ముగించవచ్చు. మీరు పోగొట్టుకునేది కాగితంలోని షరతులను. ఏటా పది శాతం పెంపు, ఆరు నెలల లాకిన్ (ఆ లోపు ఖాళీ చేయకూడదన్న షరతు), ఖాళీ చేయకపోతే రెట్టింపు అద్దె అని రాసుకున్నవేవీ ఆ కాగితం ఆధారంగా అమలు చేయించుకోవడం కష్టం. పైగా లీజు మీద స్టాంపు సుంకం మొత్తం అద్దెను బట్టి లెక్కగడతారు, వంద రూపాయల పేపరు సాధారణంగా సరిపోదు. సుంకం తక్కువ పడిన కాగితాన్ని, లోటుతో పాటు దానికి పది రెట్ల దాకా జరిమానా కట్టేదాకా కోర్టు సాక్ష్యంగా తీసుకోదు. నోటరీ ముద్ర ఈ రెండు లోపాల్లో దేన్నీ తీర్చదు.

మూడోది లీవ్ అండ్ లైసెన్స్, అంటే ఇల్లు వాడుకోవడానికి అనుమతి మాత్రమే ఇస్తున్నట్టు రాసుకునే ఒప్పందం. ముంబయిలో, పుణేలో ఉద్యోగం చేసి వచ్చినవాళ్లు, ఆన్‌లైన్‌లో నమూనా దింపుకున్నవాళ్లు దీన్ని ఇక్కడా వాడుతున్నారు. 'లీజు కాదు కదా, హక్కు ఏమీ రాదు' అన్నది వాళ్ల ధీమా. మహారాష్ట్రలో ఈ పద్ధతికి వాళ్ల అద్దె చట్టంలోనే ప్రత్యేక ఏర్పాటు ఉంది, అక్కడ కూడా రిజిస్ట్రేషన్ తప్పనిసరే. మన దగ్గర ఆ ఏర్పాటు లేదు. పైన ఏ పేరు రాసినా లోపల జరిగేది ఏంటో కోర్టు చూస్తుంది. 1959లో అసోసియేటెడ్ హోటల్స్ కేసు నుంచి సుప్రీంకోర్టు చెబుతున్నది అదే. తాళం చెవి వాళ్ల చేతికిచ్చి, ఫ్లాటు మొత్తం వాళ్లే వాడుకుంటుంటే అది లీజు కిందే లెక్క. హాస్టల్లో మంచం, పీజీలో గది, ఆఫీసులో ఒక టేబుల్, పెళ్లికి రెండు రోజులు హాలు లాంటివి ఇచ్చేటప్పుడు లైసెన్స్ సరిపోతుంది, ఎందుకంటే అక్కడ స్థలం మీద పట్టు మీ దగ్గరే ఉంటుంది. విడి ఫ్లాటుకు మాత్రం దీన్ని నమ్ముకోవద్దు.

నాలుగోది రిజిస్టర్డ్ లీజు. నాలుగు నెలల బకాయి కేసులో ఇదే మీకు అక్కరకొస్తుంది. అద్దె ఎంత, గడువు ఎప్పుడు, బకాయి పడితే ఏం చేయవచ్చు అన్న మూడింటి మీదా వాదనకు చోటుండదు. ఖర్చు మొత్తం అద్దెలో చిన్న భాగమే. ఎంత పడుతుందో రెండు రాష్ట్రాల రిజిస్ట్రేషన్ శాఖల వెబ్‌సైట్లలో ముందే లెక్క వేసుకోవచ్చు. ఇద్దరూ సగం సగం పెట్టుకుంటే ఎవరికీ భారం కాదు.

దీనికో ఇబ్బంది ఉంది, దాచడం మంచిది కాదు. గడువు రాసి రిజిస్టర్ చేశాక అది మిమ్మల్నీ కట్టేస్తుంది. మూడేళ్లకు రాసిచ్చి, ఏడాదికే అబ్బాయి పెళ్లి, ఇల్లు కావాలంటే కుదరదు. కాబట్టి ఇంటికి పదకొండు లేదా పన్నెండు నెలలకే రిజిస్టర్ చేయించండి. మూడేళ్లు, ఐదేళ్లు అనేది షాపులకు, క్లినిక్కులకు, లోపల సొంత డబ్బుతో ఇంటీరియర్ చేయించుకునే వాళ్లకు సరిపోయే లెక్క.

కాగితంలో ఉండాల్సినవి

రిజిస్టర్ చేయించారు కానీ లోపల అదే జిరాక్స్ షాపు నమూనా ఉంటే సగం పనే అయినట్టు. అన్నిటికన్నా ముఖ్యమైన వాక్యం చాలా నమూనాల్లో ఉండదు. గడువు మధ్యలో షరతు మీరితే లీజు రద్దు చేయవచ్చని కాగితంలో స్పష్టంగా రాసుకుంటేనే ఆస్తి బదిలీ చట్టం కింద ఆ హక్కు వస్తుంది. ఇలా రాయించండి:

'వరుసగా రెండు నెలల అద్దె బకాయి పడినా, యజమాని రాతపూర్వక అనుమతి లేకుండా ఇతరులకు అద్దెకిచ్చినా, ఇంటిని నివాసానికి కాక వేరే పనికి వాడినా, నోటీసు ఇచ్చి ఈ లీజును రద్దు చేసి ఇంటిని తిరిగి స్వాధీనం చేసుకునే హక్కు యజమానికి ఉంటుంది.'

రెండు నెలలు అనడానికి కారణం ఉంది. నమూనా చట్టం కూడా వరుసగా రెండు నెలల బకాయి, ఆపై నోటీసు ఇచ్చి నెల గడువు అనే కొలతే పెట్టింది. రేపు చట్టం మారినా మీ షరతు దానికి దగ్గరగానే ఉంటుంది.

పెంపు ఎప్పుడు, ఎంత శాతం అన్నది అంకెల్లో రాయండి. 'పరస్పర అంగీకారంతో పెంచబడును' అంటే ఏమీ రాయనట్టే.

రిపేర్ల దగ్గరే ఎక్కువ మాటలు పడతాయి. నమూనా చట్టం చివరి షెడ్యూలు ఈ పంపకాన్ని బాగా చేసింది, దాన్ని ఇప్పుడే మీ అగ్రిమెంటులోకి తెచ్చుకోవచ్చు. గోడల సున్నం, తలుపులు కిటికీల రంగులు, పైపులు మార్చడం, వైరింగ్, కట్టడానికి సంబంధించిన రిపేర్లు ఓనరువి. కుళాయి వాషర్లు, కాలువ శుభ్రం, స్విచ్చులు, సాకెట్లు, వంటింటి అమరికలు, గీజరు రిపేరు, పగిలిన అద్దాలు అద్దెకున్నవాళ్లవి. అపార్ట్‌మెంటు మెయింటెనెన్స్, బోరు మోటారు కాలితే పడే వాటా ఎవరిదో విడిగా రాసుకోవాలి.

తాళం ఇచ్చే రోజున ఒక కాగితం రాసుకుని ఇద్దరూ సంతకం పెట్టండి. ఫ్యాన్లు ఎన్ని, గీజరు ఏ కంపెనీది, చిమ్నీ పని చేస్తోందా, హాల్లో గోడకు మేకులు ఎన్ని, కరెంటు మీటరు రీడింగు ఎంత. మీటరు ఫొటో, ప్రతి గది వీడియో తీసి ఇద్దరి ఫోన్లలోనూ ఉంచుకోండి. ఖాళీ చేసేటప్పుడు 'పెయింటింగ్‌కు ఒక నెల అద్దె కట్' అని వాడుకగా పట్టుకోవడం కన్నా, ఇది చూపించి నష్టం ఎంతుంటే అంతే పట్టుకోవడం ఇద్దరికీ న్యాయం. అడ్వాన్సు తిరిగిరాక నలిగిపోయే అద్దెదారుల బాధా చిన్నది కాదు. రెండు నెలల పరిమితి వచ్చాక ఈ లెక్క ఇంకా కచ్చితంగా ఉండాలి. పది నెలల అడ్వాన్సు అలవాటున్న బెంగళూరులో ఫ్లాట్లు కొన్న మనవాళ్లు అలాంటి చట్టం వస్తే పెద్ద మొత్తం ఒకేసారి వెనక్కివ్వాల్సి రావచ్చని ఇప్పుడే లెక్క వేసుకోవడం మేలు.

ఖాళీ చేయించే దగ్గర జరిగే పొరపాట్లు

గడువు తీరింది, వాళ్లు కదలట్లేదు. మీ ఖాతాలో అద్దె మాత్రం నెలనెలా పడుతోంది, మీరు ఊరుకున్నారు. గడువు తీరాక అద్దె తీసుకుంటే కొనసాగడానికి ఒప్పుకున్నట్టే చట్టం చూస్తుంది, లీజు నెలవారీ అద్దెగా మారిపోతుంది. ఖాళీ నోటీసు ఇచ్చాక తీసుకున్న అద్దె ఆ నోటీసునే దెబ్బతీయవచ్చు. డబ్బు పడిన రోజే 'ఇది గడువు తర్వాత ఇల్లు వాడుకున్నందుకు నష్టపరిహారంగా మాత్రమే, లీజు కొనసాగింపు కాదు' అని మెసేజ్, వెంటనే స్పీడ్ పోస్టు పంపండి.

తాళం వేయడం, కరెంటు తీయించడం, సామాను బయట పెట్టించడం చేయకండి. ఎంత బకాయి ఉన్నా సరే. కోర్టు ద్వారా కాకుండా బయటికి పంపితే, వాళ్లు ఆరు నెలల్లోపు దావా వేసి ఇంటి స్వాధీనం తిరిగి పొందవచ్చు. బాధితులైన మీరే ముద్దాయి స్థానంలో నిలబడాల్సి వస్తుంది.

'పన్నెండేళ్లు ఉంటే ఇల్లు వాళ్లదే అయిపోతుంది' అనే భయంతో ఏటా అద్దెవాళ్లను మార్చే ఓనర్లు ఉన్నారు. మీ అనుమతితో, అద్దె కడుతూ ఉన్నవాళ్లకు ఎన్నేళ్లున్నా అలాంటి హక్కు రాదు. పన్నెండేళ్ల లెక్క వేరే చోట ఉంది: అద్దె ముగించాక స్వాధీనం కోసం దావా వేయడానికి మీకున్న గడువు అది. మంచిగా కట్టే కుటుంబాన్ని ఈ భయంతో పంపేయకండి. ముగించాక మాత్రం ఏళ్ల తరబడి చూస్తూ కూర్చోకండి.

ఎవరికి ఏది

పై పోర్షన్ అద్దెకిచ్చి కింద మీరే ఉంటే పన్నెండు నెలల రిజిస్టర్డ్ లీజు, రెండు నెలల అడ్వాన్సు. ఆంధ్రాలో అయితే దాంతో పాటు 2017 చట్టం కింద మీ ప్రాంతానికి రెంట్ అథారిటీ ఎవరో ఆర్డీఓ ఆఫీసులో అడిగి, అగ్రిమెంటు వివరాలు రాతపూర్వకంగా అందజేసి రసీదు తీసుకోండి. నేరుగా ఇచ్చే వీలు లేకపోతే స్పీడ్ పోస్టులో పంపి ఆ రసీదు దాచండి.

షాపు లేదా ఆఫీసు స్థలం అయితే మూడేళ్లకు పైబడిన రిజిస్టర్డ్ లీజు, ఏటా పెంపు, లాకిన్. హైదరాబాద్‌లో రెంట్ కంట్రోల్ పరిధిలోకి రాని పెద్ద అద్దెలకు ఆర్బిట్రేషన్ క్లాజు, అంటే తగాదాను కోర్టుకు బదులు మధ్యవర్తి దగ్గర తేల్చుకుంటామన్న షరతు, కూడా ఆలోచించవచ్చు. ఆస్తి బదిలీ చట్టం కింద నడిచే అద్దె తగాదాలను ఆర్బిట్రేషన్‌కు పంపవచ్చని 2020 డిసెంబరులో విద్యా డ్రోలియా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఇరవై వేల అద్దె ఇంటికి మాత్రం అది వద్దు, ఆర్బిట్రేటర్ ఫీజే బకాయిని మించిపోతుంది. జీఎస్టీ సంగతి కూడా కాగితంలో రాయండి. మీకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకపోయినా షాపు తీసుకున్నవాళ్లు రెగ్యులర్ జీఎస్టీలో ఉంటే, 2024 అక్టోబరు 10 నుంచి అద్దె మీది 18 శాతం పన్నును రివర్స్ చార్జ్ కింద వాళ్లే కట్టాలి.

తెలంగాణ పాత బజార్లో నాలుగంకెల కిరాయికి ఉన్న పాత మలిగె అయితే, కొత్త కాగితం రాసుకోవడానికి తొందరపడకండి. 1960 చట్టం వర్తిస్తుందో లేదో అద్దె మొత్తాన్ని, భవనం వయసును బట్టి ముందు వకీలుతో తేల్చుకోండి. వర్తిస్తే, కావాలనే అద్దె ఎగ్గొట్టడం, అనుమతి లేకుండా వేరొకరికి ఇవ్వడం, మీ సొంత అవసరం లాంటి నిర్ణీత కారణాల మీదే, రెంట్ కంట్రోలర్ దగ్గరే ఖాళీ చేయించగలరు.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి ఇక్కడ ఫ్లాటు అద్దెకిచ్చే వాళ్లకు రెండు పనులు అదనం. ఒకటి, లీజు మీద సంతకం పెట్టి రిజిస్టర్ చేయించేందుకు ఇక్కడి మనిషికి పవర్ ఆఫ్ అటార్నీ. దాన్ని అక్కడి నోటరీ ముందు గానీ, భారత కాన్సులేట్‌లో గానీ ధ్రువీకరించాలి, ఇండియాకు చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు సుంకం కట్టాలి. అధికారాన్ని ఆ ఒక్క ఫ్లాటు అద్దె వరకే పరిమితం చేసి రాయించండి, అమ్మే హక్కు అందులో పెట్టకండి. రెండు, పన్ను. ఓనరు ఎన్నారై అయితే అద్దె ఎంత చిన్నదైనా సెస్సుతో కలిపి 31.2 శాతం కోసి కట్టే బాధ్యత అద్దెకున్నవాళ్ల మీద ఉంటుంది. ఇక్కడి ఓనర్లకైతే నెలకు 50 వేలు దాటినప్పుడే, అదీ 2 శాతమే. ఇల్లు తీసుకునే ఉద్యోగికి ఈ తేడా తెలియకపోతే నోటీసు వాళ్లకే వస్తుంది. కాబట్టి మీరు ఎన్నారై అన్న విషయం అగ్రిమెంటు మొదటి పేజీలోనే రాయించండి. అసలు పన్ను అంతకన్నా తక్కువే పడేటట్టుంటే, అద్దె మొదలయ్యే ముందే తక్కువ కోత సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేసుకోండి.